ఇంటిముచ్చటలు: ఎడారిలో నొంటరి గుడారము



గతమాసమున కందిపప్పును పురుగు పట్టకుండ నిలువచేయు విధమును గూర్చి ముచ్చటించితిని. ఈ మాసమున మిమ్ము బహుదూరము తీసికొనిపోవుచున్నాను. ఐనను కథ మా వంటయింటనే మొదలగుచున్నది గాన మీరు విసుగుకొనరని నమ్మెదను.

మా చెల్లెలు అమెరికాదేశమున, అరిజోనా రాష్ట్రమందలి ఫీనిక్సు నగరమున నుద్యోగము చేయుచున్నది. రెండేండ్ల క్రిందట ఆమె భర్త జబ్బుచేసి మరణించెను. సంతానము లేదు. నాటినుండియు మా అమ్మ, "ఒంటిపిల్లకు పరదేశమేల? ఇంటికి వచ్చి నా కన్నులయెదుట నుండుము" అని కోరుచునే యున్నది. చెల్లెలు వచ్చెదననియు చెప్పలేదు, రాననియు చెప్పలేదు. గడచిన డిసెంబరులో నాకు ఫోను చేసి యిట్లనెను: "అక్కా, ఈ సెలవులలో తొమ్మిది దినములు నేనొక్కతెను కారు నడుపుకొని యెడారులు చూడబోవుచున్నాను. రాత్రులు గుడారములో పరుందును. ఆ గుడారము ఆయన కొన్నదే. ఆయన పోయిన పిమ్మట దానిని విప్పలేదు. ఈ యెనిమిది రాత్రులు గడపగలిగితినా, ఇచ్చట నొంటరిగా బ్రదుకగలను. లేకున్న అమ్మ మాట విని వచ్చివేసెదను."

అమ్మ అప్పుడు మా యింటనే యున్నది. విన్నంతనే గుండెలు బాదుకొని, "చలికాలమున, ఎడారిలో, ఆడది యొక్కతెయా! నీవు పెద్దదానవు, మందలింపుము" అనెను. నేనును మందలించితిని. చిన్ననాడు మా నాన్నగారు భారతము చదివించునపుడు దమయంతి యడవిలో పడిన పాట్లకు కన్నీరు పెట్టుకొన్నదానను. అవి యన్నియు జ్ఞాపకము చేసితిని. చెల్లెలు శాంతముగా, "అక్కా, దమయంతి నిద్రలో విడువబడినది. ఆమెకు దారి తెలియదు, చేత నీరు లేదు, ఆమె యెక్కడ నున్నదో పుట్టినింటివారికి తెలియదు. నాకు దారియు తెలియును, నీరును కలదు, నేనున్న చోటు మీకు తెలియును" అని చెప్పి యొక పట్టీ వ్రాసి పంపినది.

ఆ పట్టీ మనము నెలకు వ్రాసికొను సరకుల పట్టీవలెనే యుండెను. ఏ రాత్రి యే విడిదిలో నుండునో, ఎచ్చట పెట్రోలు దొరకునో తేదీలతో వ్రాసియుండెను. విడుదులలో కొళాయిలున్నను, దినమునకు నాలుగు లీటర్ల చొప్పున తొమ్మిది దినములకు 36 లీటర్లు, ఆపదకై మఱి 8 లీటర్లు నీరు కారులోనే యుండవలయును. పెట్రోలు సగమునకు దిగగానే నింపవలయును. కారు చెడినచో దానిని విడిచి నడిచిపోరాదు. మనిషికంటె కారు వెదకువారికి సులువుగా కనబడును. ఎండిన వాగులో గుడారము వేయరాదు. ఎక్కడనో కొండలలో కురిసిన వాన వరదయై యకస్మాత్తుగా వచ్చి పడును. ఎంత చలియైనను గుడారము లోపల పొయ్యి వెలిగింపరాదు. వాసన లేని విషవాయువు నిద్రలోనే ప్రాణము తీయును. అన్నిటికి క్రింద, "ప్రతిదినము సాయంకాలము ఆరున్నరకు సందేశము పంపుదును; మీకప్పుడు మఱునాటి యుదయము ఏడు గంటలు" అని యుండెను. మా వారు బడినుండి అమెరికా పటము తెచ్చి వంటయింటి గోడకు తగిలించిరి.

డిసెంబరు 20వ తేదీ సాయంకాలపు సందేశము, మఱునాడు పాలు పొయ్యిమీద నుండగా వచ్చినది. ఆమె టూసాన్ పట్టణము ప్రక్కన సోనోరా యెడారిలో నుండెను. ఎడారి యనగానే మనము ఇసుకతిన్నెలను తలంతుము గాని, ఈ యెడారినిండ ముండ్లచెట్లే. వానిలో సవారో యనునది మన బ్రహ్మజెముడునకు దూరపు చుట్టము. స్తంభమువలె నలువది యడుగులవఱకు పెరుగును. పుట్టిన మొదటి యెనిమిదేండ్లలో అంగుళమో అంగుళమున్నరయో మాత్రమే యెదుగును. చేతులవంటి కొమ్మలు వేయుటకు 50 మొదలు 75 ఏండ్లు, పొడినేలలో 100 ఏండ్లు పట్టును. నూటయేబది యేండ్లకు పైబడి బ్రదుకును. వానపడినపుడు తన మడతలు విప్పుకొని నీరు నింపుకొనును. తోహోనో ఓధమ్ అను అచ్చటి ప్రాచీనజనులు ఈ చెట్టును మనుష్యునివలె గౌరవింతురు. వేసవిలో, ఎండి పడిన సవారో యొక్క యీనెలను కఱ్ఱగా కట్టి పండ్లు దింపి పానకము కాచుకొందురు.

ఆ సవారో మొలకగా నున్నపుడు ఎండకును మంచునకును తాళలేదు; మఱియొక చెట్టు నీడనే పెరుగును. "అక్కా, నేడొక పెద్ద సవారోను చూచితిని. దానికి నీడనిచ్చిన చెట్టు ఎన్నడో యెండి మోడై పాదముకడ నున్నది. సవారో మాత్రము నిలిచియున్నది" అని చెల్లెలు వ్రాసెను. నేనది అమ్మకు చదివి వినిపించితిని. అమ్మ పాలగిన్నె దింపుచు మాటాడలేదు.

రెండవ రాత్రి గుడారము ప్రక్క గురగురమను చప్పుడు విని చెల్లెలు వణకిపోయెనట. దీపము వేసి చూడగా పందివంటి జవెలీనా యను జంతువు ఆమె మఱచి వెలుపల నుంచిన కందిపొడి డబ్బాను దొర్లించుచుండెను. తినుబండారములు కారులో పెట్టవలయునని విడిదివారు ముందే చెప్పియున్నారు. "తప్పు నాదే, దానికి కారము తగిలి తుమ్ముకొనుచు పోయినది" అని వ్రాసెను. అమ్మ ఆ దినమున మొదటిసారి నవ్వినది.

22వ తేదీన ఆమె వైట్‌వాటర్ డ్రా యను బురదచెఱువు కడ బెగ్గురుపక్షులను చూచెను. ఉత్తరపు చలికి తాళలేక వేలకొలదిగా వచ్చి అవి శీతకాలమంత అచ్చటనే గడుపును. రాత్రులందు నక్కజాతి మృగముల బారినుండి తప్పించుకొనుటకై మోకాలిలోతు నీటిలో నిలుచుండియే నిద్రించును. క్రౌంచమిథునపు శోకమునుండి శ్లోకము పుట్టినదని విని పెరిగినవారము గాన, జతకట్టి జీవితమంత కలసియుండు ఈ క్రౌంచజాతి పక్షులను గూర్చి ఆమె మఱేమియు వ్రాయకున్నను నాకు తెలిసినది.

ఇక నా తప్పు చెప్పుకొందును. 22, 23వ తేదీల రాత్రులు ఆమె చిరికావా కొండలలో విడియవలసి యుండెను. "అక్కడ ఫోను పలుకదు. రెండు సాయంకాలములు సందేశము రాదు. 24వ తేదీ యుదయము పది గంటలకు, అనగా మీకు రాత్రి పదిన్నరకు, పెద్దబాటకు వచ్చి ఫోను చేయుదును" అని పట్టీలో స్పష్టముగా నున్నది. అమ్మ భయపడునని తలంచి నేనది చెప్పలేదు. మొదటి యుదయము సందేశము రాకపోగా, "వచ్చునులెమ్ము" అంటిని. రెండవ యుదయమును రాలేదు. అమ్మ కాఫీ ముట్టలేదు, భోజనమునకు లేవలేదు. మధ్యాహ్నమునకు నేను తాళలేక పట్టీని ఆమె చేతిలో పెట్టితిని. ఆమె కండ్లజోడు పెట్టుకొని తుదివఱకు చదివి, "నన్ను చంపినది ఎడారి కాదే, నీవు. అది యేదియు దాచలేదు, నీవు దాచితివి" అనెను. నాకు తల యెత్త సిగ్గయ్యెను.

ఆ రాత్రి మువ్వురమును గడియారమును చూచుచు కూర్చుంటిమి. పదిన్నరకు రెండు నిమిషములుండగా ఫోను మ్రోగినది. చిరికావా కొండలలో, 2 కోట్ల 70 లక్షల సంవత్సరముల క్రిందట ఒక యగ్నిపర్వతము చిమ్మిన బూడిద గట్టిపడి, పగిలి, కరగి వేలకొలది రాతిస్తంభములుగా నిలిచినదట. ఆ కొండలు అపాచీజాతివారి పుట్టిండ్లు. 1886లో వారి నాయకుడు జెరోనిమో లొంగిపోగా చిరికావా అపాచీలను ఖైదీలుగా బహుదూరమందలి ఫ్లోరిడాకు తరలించిరి. "నిర్జనముగా నున్న చోటెల్ల ఎవరిదో యిల్లు, అమ్మా" అనెను.

పిమ్మట చలిమాట చెప్పెను. అచ్చటి గాలి పొడిది, ఆకాశమున మబ్బులు లేవు. మూత తీసిన గిన్నెలోని అన్నమువలె, పగటి వేడి సూర్యుడస్తమింపగానే పైకి పోవును. తెల్లవారుసరికి సీసాలోని నీరు గడ్డకట్టెను. ఆమె చెమట పట్టిన నూలుబట్టలు విప్పి, ఉన్నిబట్టలు పొరలుగా తొడిగి, వేడినీటి సీసాను పడకసంచిలో పాదములకడ నుంచుకొని పరుండెనట. రాత్రి పదునాలుగు గంటలు. "చలికంటె ఆ పొడవే కష్టము. మొదటి రాత్రి నేను గుడారమే వేయలేదమ్మా; కారులో కూర్చుండి తెల్లవార్చితిని. సంచి మూతికి ఆయన వేసిన ముడి యట్లే యున్నది. విప్పుటకు చేతులు రాలేదు. రెండవనాడు విప్పితిని" అని చెప్పునపుడు ఆమె గొంతు వణకినది. అమ్మ, "అన్నము తింటివా?" అని మాత్రమడిగెను.

ఆ దినమున నామె న్యూమెక్సికో రాష్ట్రమునకు పోయి, అలమొగార్డో పట్టణమునకు దక్షిణమున కొండ మొదట గుడారము వేసెను. అచ్చటికి వైట్ శాండ్స్ అను తెల్లయిసుక యెడారి దగ్గఱ. 25వ తేదీన క్రిస్మసు గాన దాని ద్వారము మూయుదురు. ఆమె బట్టలుతుకుకొని విశ్రమించి 26న పోయెను. చుట్టును కొండలు, నడుమ పళ్ళెమువంటి లోయ. ఏ యేరును బయటకు పోదు. కొండలలోని జిప్సమును వాన కరగించి తెచ్చి చెఱువున చేర్చును. నీరిగిరిపోగా మిగిలిన పలుకులను గాలి పొడిచేసి తిన్నెలుగా పోయును. ఇట్లేర్పడిన యీ తెల్లని మేర ఇంచుమించు 700 చదరపు కిలోమీటర్లు. ఎండలోనైనను ఆ యిసుక పాదములను కాల్పదు. 1933లో దీనిని రక్షితస్థలముగ చేసిరి, 2019లో జాతీయోద్యానమైనది.

ఈ తిన్నెల ప్రక్కనున్న యెండిన సరస్సు నేలలో పూర్వమానవుల యడుగుజాడలు నిలిచియున్నవి. కొన్ని 21 వేల మొదలు 23 వేల యేండ్లనాటివని 2021లో పరిశోధకులు ప్రకటించిరి. అంతకు ముందేడు ప్రకటింపబడిన మఱియొక జాడ పదివేల యేండ్లకు పైబడినది. ఒక స్త్రీయో, పడుచువాడో ఒక పసిబిడ్డను చంకనెత్తుకొని బురదలో వడివడిగా నొంటరిగా నడిచిన జాడ యది. పొడవు ఒకటిన్నర కిలోమీటరునకు మించినది. అచ్చటచ్చట బిడ్డను దింపినట్లు చిన్ని పాదములు కనబడును. చంక మార్చుకొన్నట్లు అడుగులు వంకరపోవును. మఱల అదే దారిని తిరుగుజాడ కలదు. దానిలో బిడ్డపాదములు లేవు. ఈ నడుమ నొక మామత్, అనగా ప్రాచీనకాలపు పెద్దయేనుగు, ఆ జాడను దాటిపోయెను. నేడు భూమిపై లేని మఱియొక మహామృగము మనిషి వాసన పసికట్టి నిలువున లేచినట్లును జాడలున్నవి.

ఇది విని అమ్మ ఫోను నా చేతినుండి లాగికొని, "బిడ్డ నెవరికప్పగించినది?" అని యడిగెను.

"అది యెవరికిని తెలియదమ్మా."

అమ్మ కొంతతడవు మిన్నకుండెను. "చంక మార్చినదా! తల్లియే యైయుండును. వచ్చునపుడు చేతులు తేలికయై యెట్లు నడిచినదో" అనెను. పిమ్మట, "జాగ్రత్తగా నీ యింటికి చేరి ఫోను చేయుము" అని చెప్పెను. రెండేండ్లుగా అమ్మ నోట ఇల్లనగా మన యిల్లే. "నీ యింటికి" అన్నమాట నేనును విన్నాను, ఆవల చెల్లెలును విన్నది. మేమిరువురమును ఏమియు ననలేదు.

27వ రాత్రి తిరుగుదారిలో నొకచోట గడిపి, 28న ఆమె యిల్లు చేరెను. ఇంచుమించు 1500 కిలోమీటర్లు తిరిగినది. ఉద్యోగము విడువలేదు. మార్చిలో సెలవు పెట్టి అమ్మను చూచిపోవుటకు వచ్చుచున్నది, ఉండిపోవుటకు కాదు.

సోదరులారా, మిమ్మందఱను ఎడారికి పొమ్మని నేను చెప్పుటలేదు. ముప్పదియెనిమిదేండ్ల వయసున, ఏ యింటను ఒక్క రాత్రియైన నొంటరిగా పరుండి యెఱుగనిదానను నేను. చెల్లెలి ధైర్యమును కొండంతగా తలంచితిని గాని, దానిని ముక్కలుచేసి చూడగా కొలిచిన నీరు, వ్రాసిన తేదీలు, వేళకు చెప్పిన మాట కనబడినవి. ఇవి మన వంటయింటి విద్యలే. మీ యింట కూతురో కోడలో ఒంటరిగా ప్రయాణము చేయదలచినచో, కూడదనుటకు ముందు పట్టీ వ్రాయించి చూడుడు. ఎచ్చట విడియును, ఎప్పుడు కబురు చేయును, ఎచ్చట కబురందదు, ఎంత యాలస్యమైన నెవరికి తెలుపవలయును, ఈ నాలుగును దానిలో నుండవలయును. ఆ పట్టీని ఇంటివారిలో నెవరికిని దాచకుడు. నేను దాచి చూచితిని.

అమ్మ ఇప్పుడు తన పాతచీరలన్నియు ముందు వేసికొని, వచ్చు శీతకాలమునకు గుడారములో పరచుకొనుటకై చెల్లెలికి బొంత కుట్టుచున్నది. సగమైనది. అట్టి బొంతను పొరలు జారకుండ కుట్టు విధమును వచ్చు మాసమున వ్రాసెదను.