మన ఇల్లు: ఏ గీజరు కొనాలి?



పల్లెలో కొత్త ఇల్లు కట్టుకుంటున్న మా ఆడపడుచు ఈమధ్య సికింద్రాబాద్ వచ్చింది. "వదినా, నీళ్లు అప్పటికప్పుడు కాగే చిన్న గీజరు మంచిదా, నీళ్లు నిల్వ ఉండే పెద్దది మంచిదా?" అని అడిగింది. రాణిగంజ్ దుకాణాలకు బయలుదేరే ముందు ఆమెను కూర్చోబెట్టి మా అనుభవం చెప్పాము.

మొదట మా ఇంట్లో ఉన్నది 3 లీటర్ల ఇన్‌స్టంట్ గీజరు. ఇద్దరమే ఉన్నన్నాళ్లు హాయిగా గడిచింది. పిల్లలు పుట్టాక ఒక క్రిస్మస్ ఉదయం, ఊరినుండి వచ్చిన బంధువులతో కలిసి ఎనిమిది మందిమి అయ్యాము. ఆరాధన వేళ దగ్గరపడుతోంది, బకెట్ నిండడం లేదు. తొందరలో వరండాలో ఇంకో బకెట్లో హీటర్ రాడ్ పెట్టి, పనిలో పడి మరచిపోయాము. నీళ్లు కాగాయో లేదోనని మా చిన్నది అందులో వేలు పెట్టబోయింది. అత్తమ్మ చూసి దాని రెక్క పట్టి వెనక్కు లాగారు. ఆమె చూసి ఉండకపోతే ఏమయ్యేదో తలచుకుంటే నేటికీ మా గుండె ఝల్లుమంటుంది.

తప్పు గీజరుది కాదు, లెక్క చూసుకోని మాది. 20 లీటర్ల బకెట్ నీళ్లను 20 డిగ్రీలనుండి 40 డిగ్రీలకు కాచాలంటే దాదాపు అర యూనిట్ కరెంటు కావాలి. ఏ గీజరైనా ఇంతే. 3 కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజరుకు ఆ పనికి తొమ్మిది, పది నిమిషాలు పడుతుంది. ఎనిమిది బకెట్లకు గంటంబావు! పల్లెల్లో వోల్టేజి 180కి పడిపోతే, ఒక్కో బకెట్‌కు పావుగంట.

25 లీటర్ల నిల్వ గీజరు సాధారణంగా 2 కిలోవాట్లది. నీళ్లు 55 డిగ్రీలకు రావడానికి అరగంట పడుతుంది. చన్నీళ్లు కలుపుకుంటే రెండు బకెట్లు సిద్ధం. అది కూడా ఎనిమిది మందికి ఒకేసారి ఇవ్వలేదు. అయితే కాగిన తరువాత కరెంటు పోయినా నీళ్లు కొన్ని గంటలు వేడిగానే ఉంటాయి. స్విచ్ ఆపేసి స్నానం చేయవచ్చు. ఇన్‌స్టంట్‌లో నీళ్లు పట్టుకుంటున్నంత సేపు కరెంటు ఉండాల్సిందే. కనుక నీళ్లు బకెట్‌లో పట్టి, స్విచ్ ఆపి, ఆ తరువాతే స్నానానికి దిగడం క్షేమం.

మరి ఇన్‌స్టంట్‌కు మేలు లేదా? ఉంది. ధర తక్కువ, చోటు తక్కువ, నిల్వలో వేడి వృథా కాదు. ఒకరిద్దరు ఉన్న ఇంటికీ, వంటగది సింకుకూ అదే చాలు. నిల్వ గీజరును రోజంతా వేసి ఉంచితే వేడి కొంత ఊరకే పోతుంది. కాబట్టి అరగంట ముందు వేసి, కాగగానే ఆపాలి. కొనేటప్పుడు నక్షత్రాల గుర్తు చూడండి. నక్షత్రాలు ఎక్కువైతే అలా పోయే వేడి తక్కువ. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే ఏ గీజరులోనైనా తెల్లని పొర కడుతుంది. ఏడాదికొకసారి శుభ్రం చేయించాలి.

3 కిలోవాట్ల గీజరు 13 ఆంపియర్ల కరెంటు లాగుతుంది. లైటుకు వేసిన సన్నని వైరు దానికి పనికిరాదు. ఏ గీజరుకైనా విడిగా లావు వైరు, 16 ఆంపియర్ల సాకెట్టు, మంచి ఎర్త్ తప్పనిసరి. గ్యాస్ గీజరు పెట్టేవారు స్నానాల గదిలో మాత్రం పెట్టవద్దు. మూసిన గదిలో కార్బన్ మోనాక్సైడ్ చేరితే వాసన రాదు, రంగు కనబడదు, ప్రాణమే పోతుంది.

మేము 25 లీటర్లది తీసుకున్నాము. పండుగకు బంధువులు వస్తే సగం మంది ముందు రాత్రే స్నానాలు ముగిస్తారు. రాడ్‌ను మళ్లీ ముట్టలేదు. మా ఆడపడుచు ఇంట్లో ఐదుగురు, కరెంటు కోతలు కూడా ఎక్కువ. ఆమె కూడా నిల్వ గీజరే కొంటానంది. అయితే ఊరు చేరగానే ముందు ఎర్త్ గుంత తవ్వించి, ఆ తరువాతే కొనడానికి వచ్చింది. మీరూ ఆ వరుసే పాటించండి.