యోసేపు కథయు యూసుఫ్ సూరాయు

ఖురానునందు అబ్రాహాము, మోషే, దావీదు, యోనా, మరియ, యేసు మొదలగువారి వృత్తాంతములు కనబడుట చూచి మన తెలుగువారిలో రెండు తెగలవారు రెండు విధములైన తీర్పులు చెప్పుచుందురు. బైబిలు కథలనే కొంత మార్చి చెప్పిన గ్రంథమది, అంతయు అరువుసొత్తు, అని మొదటివారి మాట. అన్ని గ్రంథములును ఒక్క విషయమునే బోధించుచుండగా భేదములను వెదకుట సంకుచితబుద్ధియని రెండవవారి మాట. మొదటిమాటయందు ద్వేషమును రెండవమాటయందు సౌజన్యమును గలవని తోచును గాని, నిదానించి చూచినచో ఆ రెంటికిని మూలమొక్కటే. అది ఆ గ్రంథములను చదువకుండుట. పోలికను చౌర్యమని కొట్టివేయువాడును, భేదమును లేదని కప్పివేయువాడును, చదువవలసిన శ్రమనుండి సమానముగనే తప్పించుకొనుచున్నారు. యూద, క్రైస్తవ, ఇస్లాము మతములు మూడింటి పవిత్రగ్రంథముల నడుమ పదునాలుగు శతాబ్దములుగా నొక సంవాదము సాగుచున్నదనియు, ఒకరి మాట నొకరు బాగుగా నెరిగియుండి విభేదించుకొనుటవలననే ఆ సంవాదమునకు ఘనత కలిగినదనియు నా నిశ్చయము.

ఏడవ శతాబ్దపు అరేబియా మనలో పలువురు భావించునట్లు ఎడారిలో నేకాంతముగా పడియున్న దేశము కాదు. దక్షిణమున యెమెనులో అంతకు కొంచెము పూర్వము యూదమతము నవలంబించిన రాజు లేలియుండిరి, నజ్రానులో క్రైస్తవులుండిరి, సముద్రమున కావల అబిసీనియాలో క్రైస్తవరాజ్యముండెను, తరువాతికాలమున మదీనాయని ప్రసిద్ధిగాంచిన యస్రిబు పట్టణమున యూదతెగలు పొలములును కోటలును కలిగి కాపురముండెను. మహమ్మదు ప్రవక్తకు తొలి దైవసందేశము వచ్చినప్పుడు దాని స్వరూపమును గుర్తించి ధైర్యము చెప్పినవాడు ఆయన భార్య ఖదీజాకు బంధువును క్రైస్తవుడునైన వరఖా యని ముస్లిముల సంప్రదాయమే చెప్పుచున్నది. అట్టి దేశమున అవతరించిన గ్రంథము, తన శ్రోతలకు మోషే యెవరో, నోవహు ఓడ యేమో కొంత తెలిసియే యుండునను నమ్మకముతో మాటలాడును. అందుచేతనే ఖురానులో అనేక వృత్తాంతములు సగముననుండి మొదలై, కావలసినంత చెప్పి, ఆగిపోవును. పూర్వకథ నెరుగని పాఠకునికి అది అస్పష్టత. ఎరిగినవానికి అది సూచన.

దీనికి యోసేపు కథకంటె మంచి నిదర్శనము నాకు తోచదు. బైబిలులోని ఆదికాండమున 37వ అధ్యాయము మొదలుకొని 50వ అధ్యాయము తుదివరకు, నడుమ యూదా తామారుల ఘట్టమొకటి అడ్డుపడుట తప్ప, ఈ కథయే ప్రధానముగా సాగును. ఖురానులో 12వ సూరా (అధ్యాయము), 111 ఆయతులు (వాక్యములు), యూసుఫ్ పేరుననే వెలసినది. ఇతర ప్రవక్తల చరిత్రములు పలుతావుల తునుకలై వచ్చుచుండగా, ఇంత విస్తారముగా ఆద్యంతము ఒకేచోట నడచినది యూసుఫ్ వృత్తాంతము మాత్రమే. కథల నన్నిటిలో ఉత్తమమైనదిగా దానిని ఆ గ్రంథమే ప్రశంసించినది.

అన్నలు తమ్ముని వదిలించుకొని, అతని అంగీకి రక్తము పూసి తండ్రియొద్దకు తెచ్చుట రెండు గ్రంథములందును కలదు. ఆదికాండములోని యాకోబు ఆ వస్త్రమును గుర్తించి, దుష్టమృగము బాలుని చీల్చివేసినదని నమ్మి, తన బట్టలు చించుకొని, ఎవరి యోదార్పును అంగీకరింపక విలపించును. ఖురానులోని యాఖూబ్ ఆ మాటను నమ్మడు. ఇది మీ మనసులు కల్పించినదని కొడుకుల మొగముమీదనే చెప్పి, సుందరమైన సహనమును ఆశ్రయించును. అయినను ఆ సహనము శిలాసదృశమైనది కాదు. ఏండ్లతరబడి లోలోపల క్రుంగి యేడ్చి యేడ్చి అతని కన్నులు తెల్లబారిపోవును. తుదకు కుమారుని అంగీయే ఈజిప్టునుండి రాగా, అది యింటికి చేరకమునుపే దాని పరిమళమును గుర్తించును; అది మొగముమీద పడగానే చూపు మరలివచ్చును. అంగీ యనునది ఈ సూరాలో మూడుమారులు సాక్ష్యము చెప్పును: మొదట రక్తముతో అబద్ధసాక్ష్యము, నడుమ వెనుకవైపున చిరిగి సత్యసాక్ష్యము, తుదకు అంధునికి దృష్టిదానము. ఆదికాండములో, యోసేపును మోహించి పట్టుకొనిన యజమాని పోతీఫరు భార్య చేతిలో మిగిలిపోయిన వస్త్రము నిరపరాధిని చెరసాలకు పంపును. ఖురానులో ఆ ఘట్టముననే వెనుకనుండి చిరిగిన అంగీ అతని నిర్దోషిత్వమును రుజువు చేయును. ఈ మార్పు మతిమరపువలన కలిగినదని చెప్పుటకు సాహసము కావలెను. కథాశిల్పము నెరిగినవాడెవడును ఆ మాట యనజాలడు.

చెరసాల ఘట్టమును చూడుడు. ఆదికాండములో రాజు పిలిపింపగానే యోసేపును త్వరగా వెలికి తెత్తురు. అతడు క్షౌరము చేయించుకొని బట్టలు మార్చుకొని రాజసన్నిధికి పోవును. ఖురానులోని యూసుఫ్ రాజదూతను వెనుకకు త్రిప్పిపంపును. తన చెరకు కారణమైన స్త్రీల విషయము విచారింపబడి నిజము తేలినగాని తాను బయటికి రానని అతని పట్టుదల. విచారణ జరుగును, నిజము తేలును. ఆ పిమ్మటనే విడుదల. ఖురాను దృష్టిలో ప్రవక్తయైనవాడు రాజు దయచే విముక్తుడగుట చాలదు, నిష్కళంకుడై వెలువడవలెను.

అయితే ఆదికాండమునకు మాత్రమే దక్కిన సంపద యొకటి కలదు. కడగొట్టు తమ్ముడైన బెన్యామీను సంచిలో వెండిగిన్నె దొరికినప్పుడు, ఒకనాడు తమ్ముని అమ్మివేయుమని సలహాచెప్పిన అన్న యూదాయే ముందునకు వచ్చి, ముదుసలి తండ్రి ప్రాణములు ఈ చిన్నవానితో ముడిపడియున్నవనియు, ఇతనికి మారుగా తన్ను దాసునిగా ఉంచుకొనుమనియు వేడుకొనును. పాపి యొకడు మారుటను ఇంతకంటె హృదయద్రావకముగా చూపిన రచన ప్రపంచవాఙ్మయమున అరుదు. ఆ ప్రసంగము ఖురానులో లేదు. అందు, తండ్రి ముదుసలి గనుక ఇతనికి మారుగా తమలో నొకని తీసికొనుమని అన్నలందరు కలిసి ఒక్కమాట యందురు, తరువాత పెద్దన్న తండ్రి యనుమతించువరకు ఆ దేశమును విడువనని కూర్చుండిపోవును, అంతియే. ఆదికాండమునకు ఇది ఒక కుటుంబము ఈజిప్టునకు చేరిన చరిత్రము, ఇశ్రాయేలు ప్రజకు పునాది. కావున యూదా మనసు మారుట దానికి ముఖ్యము. ఖురానునకు ఇది స్వజనముచే త్రోసివేయబడిన ప్రవక్త కథ. కావున తండ్రి సహనమును కుమారుని క్షమయు దానికి ముఖ్యములు. ఆ సూరా వెలువడిన మక్కాలో మహమ్మదు ప్రవక్తను అప్పుడు వేధించుచున్నవారు ఆయన సొంత ఖురైషు తెగవారే. 630లో ఆయన విజేతయై ఆ పట్టణమున ప్రవేశించినప్పుడు, భయకంపితులై నిలిచిన ఖురైషులతో, యూసుఫ్ తన అన్నలను క్షమించుచు పలికిన మాటనే పలికెనని పరంపరాగత కథనము కలదు. ప్రాచీనకథ ఒక మానవసమూహముయొక్క జీవితములో తిరిగి ఎట్లు ఫలించునో తెలిసికొనగోరువారికి అరువు సిద్ధాంతము ఏమి సహాయము చేయగలదు?

రామాయణమును రంగనాథరామాయణకర్తయు మొల్లయు వేరువేరుగా చెప్పిరని గర్వపడు మనకు, ఒక కథ పలువిధముల చెప్పబడుట వింత కారాదు. కాని ఈ పోలిక కొంతదూరమే నడచును. మొల్ల తాను వాల్మీకిని అనుసరించుచున్నానని యెరుగును. ఖురాను తాను దైవవాణినని చెప్పుకొనును. పూర్వగ్రంథములైన తౌరాతు (మోషే ధర్మశాస్త్రము), జబూరు (దావీదు కీర్తనలు), ఇంజీలు (సువార్త) లను అది ధ్రువపరచును, అవి దైవదత్తములని యొప్పుకొనును, అదేసమయమున వాటిమీద సంరక్షకాధికారమును కోరును. ఒక మనుష్యుని అన్యాయముగా చంపుట సమస్త మానవజాతిని చంపుటతో సమానమను ప్రసిద్ధబోధను చెప్పునప్పుడు, అది ఇశ్రాయేలు సంతతికి విధింపబడినదని ఖురానే స్పష్టముగా పేర్కొన్నది. ఆ బోధ యూదుల మిష్నాలో కనబడును. సజ్జనులు భూమికి వారసులగుదురను మాటను జబూరులో వ్రాసియుంచితిమని 21వ సూరా చెప్పును. 37వ కీర్తనను తెరచిన క్రైస్తవునికి ఆ మాట అచ్చట దొరకును. మూలమును పేరుపెట్టి చెప్పువానిని దొంగ యనుట న్యాయమా?

ఈ కథల రాకపోకలు ఒక్కదిక్కుగానే సాగలేదు. విందున యూసుఫ్ సౌందర్యమును చూచి నగరస్త్రీలు కత్తులతో చేతులు కోసికొన్నట్లు ఖురానులో కలదు, ఆదికాండములో లేదు. యూదుల తన్హూమా వ్యాఖ్యానసంప్రదాయములో ఆ స్త్రీలు మాదీఫలములు కోయుచు చేతులు కోసికొన్న కథ యొకటి కనబడును. ఇదిగో మూలము, అని తొందరపడి చెప్పినవారు కలరు; కాని ఆ వ్యాఖ్యానసంకలనములు నేటి రూపమును పొందిన కాలమును విచారించినచో, వానిలో కొంతభాగము ఇస్లాము పుట్టిన తరువాతిదని తేలుచున్నది. కావున ఎవరినుండి ఎవరు వినిరో నిర్ణయించుట సులభము కాదు. 14వ శతాబ్దమున షీరాజు నగరపు యూదకవి షాహీను హీబ్రూలిపిలో పారసీకకావ్యము వ్రాయుచు, ముస్లిముల యూసుఫ్ జులైఖా (పోతీఫరు భార్య) గాథను ఆదికాండకథలో నిస్సంకోచముగా చేర్చుకొనెను. 20వ శతాబ్దమున థామస్ మన్ అను జర్మనుదేశపు నవలాకారుడు ఆ కత్తుల విందును తన యోసేపు నవలలలో కన్నులకు కట్టినట్లు వర్ణించెను. కథ చుట్టి వచ్చిన త్రోవను తెలిసినవాడు స్వామ్యపత్రములు అడుగుట మానుకొనును.

మరియ విషయమును సంక్షేపముగా చెప్పెదను. ఖురానులో స్వనామముతో పేర్కొనబడిన స్త్రీ ఆమె యొక్కతెయే. 19వ సూరాకు ఆమె పేరే పెట్టబడినది. ఆమె ప్రసవవేదనతో ఖర్జూరవృక్షమును ఆశ్రయించినట్లు అందు కలదు. క్రైస్తవుల ప్రామాణికసువార్తలలో ఆ చెట్టు లేదు గాని, మరియ బాలయేసుతో ఈజిప్టునకు పోవుచుండగా ఒక ఖర్జూరవృక్షము వంగి ఫలములిచ్చినదని క్రైస్తవగాథ వేరుగా కలదు. యెరూషలేమునకును బేత్లెహేమునకును నడుమ, గర్భవతియైన మరియ విశ్రమించినదని చెప్పబడు శిలచుట్టును 5వ శతాబ్దమున క్రైస్తవులు అష్టకోణాకారమున నొక దేవాలయము కట్టిరి. కతీస్మా యని దానిపేరు. త్రవ్వకములలో బయల్పడిన ఆ కట్టడమున, ముస్లిములు ప్రార్థనచేసిన కాలపు చిహ్నములును, ఖర్జూరవృక్షము చిత్రించిన రంగురాళ్ల నేలయు కనబడినవి. ఒకే శిలయొద్ద రెండు మతములవారు ఆ తల్లిని స్మరించిరి.

దీనినిబట్టి భేదము లేదని చెప్పుటకు నేను సిద్ధముగా లేను. అదే ప్రాంతమున, యెరూషలేములో, ఖలీఫా అబ్దుల్ మలికు 691 ప్రాంతమున కట్టించిన అష్టకోణ శిలాగుంబజులోపల చెక్కిన శాసనము మరియకుమారుని ప్రవక్తగా గౌరవించుచునే, దైవము ముగ్గురని చెప్పవలదని గ్రంథప్రజలను హెచ్చరించుచున్నది. సిలువమీద యేసు మరణింపలేదని ఖురాను చెప్పును. ఆ మరణముమీదనే క్రైస్తవుని రక్షణ సమస్తము నిలిచియున్నది. ఈ రెండు మాటలను ఒక్కటిగా చేయగల చాతుర్యము ఎవరికిని లేదు, ఉండనవసరమును లేదు. నా పొరుగువాడు ప్రాణముకంటె మిన్నగా నమ్మినదానిని, నీ నమ్మకమును నా నమ్మకమును ఒక్కటేనని చెప్పి తేలికపరచుట అతనిని గౌరవించుట కాదు.

భేదమును దాచక, దానిని శత్రుత్వముగా మార్చక, విద్వాంసులు ఎట్లు నిర్వహించిరో చూచినచో మనకు సిగ్గు కలుగును. అబ్రాహాము బలి యీయబూనిన కుమారుని పేరు ఖురాను చెప్పలేదు. నేటి ముస్లిములలో అత్యధికులు అతడు ఇష్మాయేలని విశ్వసింతురు. యూదులకును క్రైస్తవులకును అతడు ఇస్సాకు. అయినను 923లో గతించిన మహావ్యాఖ్యాత తబరీ, ఉభయపక్షముల కథనములను చూపి, ఇస్సాకు పక్షమునే సమర్థించెను. అందువలన అతని ముస్లిమత్వమునకు లోపము రాలేదు. యూదులును క్రైస్తవులును తమ గ్రంథములను మార్చిరను ఆక్షేపణవిషయమున గూడ ముస్లిములలో ఏకాభిప్రాయము లేదు. అక్షరములే మారినవని 11వ శతాబ్దపు స్పెయినులో ఇబ్న్ హజ్మ్ ఘాటుగా వాదించెను. మారినది అర్థవివరణమేగాని పాఠము కాదని మరికొందరు చెప్పిరి. 15వ శతాబ్దమున కైరోలో అల్ బిఖాయీ ఖురానుకు భాష్యము వ్రాయుచు బైబిలునుండి విరివిగా ఉదాహరించెను. సమకాలికులు దానిని ఆక్షేపింపగా, ఆ పద్ధతి ధర్మసమ్మతమేనని నిరూపించుచు ప్రత్యేకగ్రంథమునే వ్రాసెను. ఇట్టివారి పేర్లు మన ఉపన్యాసవేదికలమీద వినబడకుండుట నాకు మిక్కిలి కష్టముగా నున్నది.

తెలుగునాట ఈ గ్రంథములు లేకపోలేదు. బైబిలు తెలుగులో శతాబ్దమునకు పైగా ఇంటింట చదువబడుచున్నది. ఆంధ్రభాషాచరిత్రమును రచించిన చిలుకూరి నారాయణరావుగారు ఖురానును తెనిగించిరి. ఒక హిందూపండితుడు ముస్లిముల పవిత్రగ్రంథమును తెలుగువారి చేతికి అందించుట మన సాహిత్యమునకు అలంకారము. తరువాత మరికొన్ని యనువాదములును వచ్చినవి. అయినను ఈ గ్రంథములు ఒకే బల్లమీద తెరచియుంచి చదువబడుట అరుదు. చర్చిలో యోసేపు కథ విన్న బాలుడును, మదరసాలో యూసుఫ్ కథ విన్న బాలుడును పాఠశాలలో ఒకే బెంచీమీద కూర్చుండియు, తాము విన్నది ఒక్కనిగూర్చియేనని యెరుగకుండ పెరుగుచున్నారు. విశ్వవిద్యాలయముల తెలుగుశాఖలలో తులనాత్మక పరిశోధన యనగా చాలవరకు భారతరామాయణములతోనే ముగియుచున్నది.

కావున మన విశ్వవిద్యాలయములలో నొకటియైనను పూనుకొని, ఆదికాండములోని పదునాలుగు అధ్యాయములను, యూసుఫ్ సూరాలోని 111 ఆయతులను ఎదురెదురు పుటలలో అచ్చువేయించి, క్రింద యూదవ్యాఖ్యానములను, క్రైస్తవసభాపితరుల భావములను, తబరీ మొదలైనవారి వివరణములను తెలుగున చేర్చి ప్రకటింపవలెనని కోరుచున్నాను. ఆ పనికి పాస్టరుగారొకరును, మౌలానాగారొకరును, హీబ్రూ అరబ్బీ భాషలెరిగిన పండితులిద్దరును చాలుదురు. వారు ప్రతి పుటయందును ఏకీభవింపనక్కరలేదు. విభేదించినచోట ఇరువురి మాటను సంతకములతో సహా అచ్చువేయవలెను. పుస్తకము వెల సామాన్యునికి అందుబాటులో ఉండవలెను.