ఎండ యున్నంతమాత్రమున దీపము వెలుగునా?

2024 జనవరిలో బెలాల్ తుఫాను మన మారిషస్ దీవిని తాకిన పిమ్మట, మన సమాజ కుటుంబములలో కొన్ని చిన్న సౌరఫలకములను కొని యింటనుంచుకొన్నవి. వారిలో కొందఱు, "పెట్టెపై పది వాట్లని వ్రాసియున్నది గాని సెల్ ఫోను దినమంతయు ఎండలో పెట్టినను నిండుట లేదు" అని మాతో మొఱపెట్టుకొనిరి. అంగడివాడు మోసగించెనని వారి అనుమానము. ఆ మాట తేల్చుటకు మేము ఖతర్ దేశము వంక చూచితిమి. ఎండకు కొదువ లేని దేశమది. అచ్చటనే ఫలకములు చిక్కిపోవుచుండగా, మన యింటి ఫలకమును నిందించి ప్రయోజనమేమి?

దోహా నగరమునకు పడమట సుమారు 80 కిలోమీటర్ల దూరమున, అల్ ఖర్సా యను చోట, 2022 అక్టోబరులో 800 మెగావాట్ల సౌరవిద్యుత్కేంద్రమును ప్రారంభించిరి. పది చదరపు కిలోమీటర్ల యెడారిలో పదునెనిమిది లక్షల ఫలకములు సూర్యుని వెంట తిరుగుచుండును. వాటిని తుడుచుటకు ప్రత్యేకముగా మరయంత్రములు గలవు. తుడుపునకు అంత వ్యయమేల యందురా? దోహాలోని సైన్సు అండ్ టెక్నాలజీ పార్కునందు ఫలకములను ఆరుబయట నిలిపి యేండ్ల తరబడి పరీక్షించిరి. తుడువక విడిచినది నెలనాళ్లలో తన శక్తిలో పదవవంతు వఱకు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు, ధూళికి అర్పించుకొనునని తేలినది. పొడిదుమ్ము గాలికి కొంత రాలును. రాత్రి మంచుకు తడిసి ఉదయమున ఎండినదో, గచ్చువలె పట్టుకొనును.

రెండవ శత్రువు వేడిమి. పెట్టెపై వ్రాసిన వాట్లు, ఫలకము 25 డిగ్రీల వేడిలో నున్నప్పుడు పరీక్షాశాలలో కొలిచినవి. అటుపై హెచ్చు ప్రతి డిగ్రీకిని నూటికి సుమారు 0.4 వంతు శక్తి తగ్గును. ఎండలో 65 డిగ్రీలకు కాగిన ఫలకము ఆఱవవంతు పోగొట్టుకొన్నట్లే. ఫలకమునకు కావలసినది వెలుతురు, వేడి గాదు. ఖతర్‌లో జూన్ 1 మొదలు సెప్టెంబరు 15 వఱకు, ఉదయము 10 గంటల నుండి మధ్యాహ్నము 3.30 వఱకు ఆరుబయట కూలిపని నిషిద్ధము. ఆ వేళ మనిషికి నీడ యెంత అవసరమో, ఫలకమునకు వెనుక గాలి యంత అవసరము. దానిని రేకు కప్పునకు అంటించి మేకులు కొట్టరాదు. నాలుగు వ్రేళ్ల సందు విడువవలయును.

ఆ దేశమున కరీంనగరు, నిజామాబాదు, కడప ప్రాంతములనుండి వెళ్లిన మనవారు పలువురు గలరు. తీగలు చేరని యెడారి కొట్టమున నున్నవానికి ఫోను ఆరిపోయిన, ఇల్లే మూసికొనిపోయినట్లు. కోరంగి రేవున ఓడలెక్కిన మన పెద్దలకు ఆపాటి ఊరటయు లేకపోయెను.

మన దీవిలో దుమ్ము తక్కువయే గాని, ఉప్పుగాలియు, చెఱకు కాల్చినప్పటి మసియు, పక్షిరెట్టయు గలవు. వాటికంటె చెడ్డది నీడ. ఫలకమునందలి గడులు గొలుసువలె కూర్చబడియుండుటచే, ఒక మామిడాకు ఒక గడిని కప్పిన తక్కినవాటి శ్రమయు చాల వఱకు వ్యర్థమగును. మొఱపెట్టినవారిలో ఇద్దఱి ఇండ్లకు మేము పోయి చూడగా, ఒకరి ఫలకము చెట్టుక్రిందను, మఱియొకరిది కిటికీ అద్దము వెనుకను ఉండెను!

లెక్క చూతము. పది వాట్ల ఫలకము మంచి యెండలో ఏడు వాట్లు ఇచ్చుననుకొందము. అయిదు గంటలకు 35 వాట్ గంటలు. బ్యాటరీలోనికి పోవుటయందు, వచ్చుటయందు నష్టము తీసివేయగా 25 మిగులును. ఒక ఫోనునకు 15, మూడు వాట్ల ఎల్‌ఇడి దీపమునకు మూడు గంటలకు 9. అంతే సరి. ఫ్రిజ్‌లోని మందులకు అది చాలదు; ఇన్సులిన్ వాడు పెద్దలున్న యిండ్లవారు ముందుగనే వేఱు ఏర్పాటు చూచుకొనవలయును.

ఫోనును నేరుగా ఫలకమునకు తగిలింపకుడు. మబ్బు పోయినపుడెల్ల చార్జింగు ఆగి మొదలగుచుండును. నడుమ బ్యాటరీ యుండవలయును, అదియు నీడలోనే. తుఫాను రెండవ తరగతి హెచ్చరిక రాగానే బ్యాటరీ నిండినదో లేదో చూచుకొని, ఫలకమును విప్పి యింటిలోపల పెట్టుడు. త్రాడుతో కట్టితిమి గదా యని నమ్మిన మా మిత్రుడొకడు తన ఫలకమును మఱునాడు పొరుగువారి చెఱకులో వెదకికొనెను.