ముసలమ్మ కోడి, సర్కారు లెక్క

తన కోడి కూయకుంటే ఊరికి తెల్లవారదని నమ్మిన ముసలమ్మ కథ మనకు తెలిసినదే. ఊరివారిపై అలిగి, కోడినీ కుంపటినీ తీసుకొని ఆమె అడవికి పోయింది. ఊరికి మాత్రం యథావిధిగా తెల్లవారింది. ఆమెను చూసి నవ్వుకుంటాం గాని, తెలియకనే ఆమె చేసిన ఆ పరీక్షను మన ప్రభుత్వాలు అరుదుగా చేస్తాయి.

ఒక పథకం వస్తుంది. రెండేళ్ళకు కూలీల రాబడి పెరుగుతుంది. ఘనత పథకానిదేనని ప్రకటన వెలువడుతుంది. ఆ రెండేళ్ళూ వానలు బాగా కురిసి ఉండవచ్చు కదా! పథకమే లేకుంటే ఏమయ్యేదన్నది అసలు ప్రశ్న. ఒకే ఊరిని పథకంతోనూ, అది లేకుండానూ ఏకకాలంలో చూడడం ఎవరి తరమూ కాదు. అందుకే అర్థశాస్త్రవేత్తలు సాటి ఊళ్ళను వెదుకుతారు. ఏ ఊరికి పథకమో, ఏది సాటి ఊరో లాటరీ తేలిస్తే పక్షపాతానికి తావుండదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలినీ, పింఛన్లనూ వేలిముద్రల స్మార్ట్‌కార్డులతో చెల్లించే పద్ధతిని 8 జిల్లాల్లోని 157 మండలాలలో ఇలాగే పరీక్షించారు. ఏ మండలానికి ముందు, ఏ మండలానికి తరువాత అన్నది లాటరీయే నిర్ణయించింది. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ 2016లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, రెండేళ్ళకు దాదాపు సగం చెల్లింపులే కార్డులకు మారినా, ఉపాధి కూలి త్వరగా చేతికందింది. మధ్యలో మాయమయ్యే సొమ్ము 41 శాతం తగ్గింది.

పేదల బతుకులతో ప్రయోగాలా అని ఆక్షేపించేవారున్నారు. ఆ ఆక్షేపణను నేను తేలికగా తీసుకోను. తరువాతి వరుసలో పడ్డ మండలంలోని కూలీ అన్నాళ్ళూ నష్టపోయిన మాట నిజం. అయితే అన్ని మండలాలకూ ఒకేరోజున అందించలేనప్పుడు ఎవరో ఒకరు ఆగక తప్పదు. ఆ వరుసను ఎమ్మెల్యే సిఫారసు నిర్ణయించడం కంటే లాటరీ నిర్ణయించడమే న్యాయమని నా అభిప్రాయం. ఆగినవారి వల్ల నలుగురికీ పనికివచ్చే నిజమైనా తెలుస్తుంది.

ఆ నిజానికీ హద్దులున్నాయి. ఇదే పరిశోధకులు తరువాత జార్ఖండ్ రేషన్ దుకాణాలలో ఆధార్ వేలిముద్రల తనిఖీని పరీక్షిస్తే, ఆ తనిఖీ వల్ల దొంగతనం తగ్గలేదు. ఆధార్ జతకాని కుటుంబాలకు అందే సరుకు మాత్రం తగ్గింది. కనుక ఒక ఊరి కోడిని మరో ఊరికి తీసుకుపోయే ముందు, అక్కడా మళ్ళీ పరీక్షించవలసిందే.

మీరేమంటారు?