పాట మానేస్తే పాసవుతాడా?

"చదువుకోడానికి పోయావా, డప్పు కొట్టుకోడానికి పోయావా?"

కాలేజీ చదివే మన పిల్లలకు ఈ మాట మూడు నోళ్ళ నుంచి వినపడుతుంది. లెక్చరరు అంటాడు. హాస్టల్ వార్డెన్ అంటాడు. సెలవులకు ఇంటికొస్తే కన్నతండ్రి కూడా అంటాడు. ముందటి ఇద్దరూ ఎగతాళికి అంటారు. తండ్రి భయంతో అంటాడు. మాట ఒకటే అయినా మర్మం ఒకటి కాదు. కాబట్టి దళిత బంధువులారా, ఈ మాటను నడివాడలో పెట్టి తేల్చుకుందాం.

అదే కాలేజీలో ఇంకో పిల్లోడు గిటారు వాయిస్తాడు. ఫొటోలు తీస్తాడు. టెన్నిసు ఆడతాడు. వాడికీ పేపర్లు పోతాయి. అయినా వాణ్ణి "గిటారు కోసం వచ్చావా?" అని ఎవరూ అడగరు. "ఆల్ రౌండర్" అంటారు. వార్షికోత్సవంలో శాలువా కప్పి సర్టిఫికెట్టు ఇస్తారు. ఆ సర్టిఫికెట్టు రేపు ఉద్యోగం ఇంటర్వ్యూలో పనికొస్తుంది. వాడు చేస్తే హాబీ, మనోడు చేస్తే తిరుగుడు! వాడి వేళ్ళ కింద తీగ మోగితే కళ, మనోడి చేతిలో తోలు మోగితే కులం! ఈ లెక్క ఎవడు వేశాడు?

మనోడి రోజు ఎట్లా గడుస్తుందో చూడండి. సంక్షేమ హాస్టల్లో ఉండి తెలుగు మీడియంలో చదివాడు. ఇంజనీరింగులో అడుగు పెట్టిన రోజు నుంచి అంతా ఇంగ్లీషు. బోర్డు మీది లెక్క అర్థమైనా లెక్చరరు అడిగిన ప్రశ్న అర్థం కాదు. జవాబు తెలిసినా నోరు పెగలదు. పక్కవాడు మొదటి రోజే "నీ ర్యాంకెంత?" అని అడుగుతాడు. వాడికి కావాల్సింది ర్యాంకు కాదు, కులం. మిడ్ పరీక్షలు, అసైన్‌మెంట్లు, ల్యాబ్ రికార్డులు, 75 శాతం హాజరు. ఒక పేపరు పోతే అది బ్యాక్‌లాగై వచ్చే సెమిస్టరు నెత్తిన కూర్చుంటుంది. క్రెడిట్లు చాలకపోతే డిటెయిన్. ఇది చాలదన్నట్టు ఆదాయం సర్టిఫికెట్టుకు మీసేవ చుట్టూ, ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరగాలి. వేలిముద్ర పడలేదంటే క్లాసు పోగొట్టుకుని మళ్ళీ పోవాలి. చేతిఖర్చుకు పెళ్ళిళ్ళ సీజన్లో క్యాటరింగ్ పనికి పోతాడు. నడిరాత్రి దాటేదాకా ఎంగిలి విస్తళ్ళు తీసి, తెల్లారి మొదటి పీరియడ్లో కునుకు తీస్తాడు. మేష్టారి కంటికి అది సోమరితనం!

సాయంత్రం హాస్టల్ వెనక అరగంట దరువు వేస్తాడు. లేదంటే నోటుబుక్కు చివరి పేజీలో నాలుగు చరణాలు రాసుకుంటాడు. మీసేవ దగ్గర పోయిన పూట ఎవడికీ కనపడదు. విస్తళ్ళ దగ్గర పోయిన నిద్ర ఎవడికీ కనపడదు. ఈ అరగంట మాత్రం అందరి కంట్లో పడుతుంది. మనోడు పరీక్ష తప్పితే నేరం డప్పు మీదికి తోస్తారు. ఇంగ్లీషు గండం దాటించనివాడు, స్కాలర్‌షిప్పు ఆపినవాడు, కాలేజీ మొత్తంలో మనోడితో బల్ల పంచుకోనివాడు అందరూ నిర్దోషులే!

ఆడపిల్ల సంగతి ఇంకా ఘోరం. పదో తరగతి దాకా కబడ్డీలో జిల్లా జట్టుకు ఆడిన పిల్ల కాలేజీకి రాగానే ఆట మానేస్తుంది. మానేసిందనకండి, మాన్పించారు. చీకటి పడకముందే హాస్టల్ గేటు మూస్తారు. ఇంటికొస్తే పొయ్యి, అంట్లు, చంటిపిల్లలు. అన్నకు కనీసం అరుగు మీద కూర్చునే తీరికుంది. చెల్లెలికి అదీ లేదు. దొరల న్యాయం గురించి మాట్లాడే మనం మన ఇంట్లో ఈ పంపకం ఎట్లా చేస్తున్నామో కూడా మాట్లాడాలి.

మన సరదా మీద కాపలా ఇవాళ్టిది కాదు. 1991లో అప్పటి గుంటూరు జిల్లా చుండూరు గొడవ ఎక్కడ రాజుకుంది? సినిమా హాల్లో. చదువుకున్న దళిత యువకుడు సినిమాకు పోయాడు. కాలు అగ్రకులపు యువకుడికి తగిలింది. అంతే. ఆగస్టు 6న మనవాళ్ళు ఎనిమిది మందిని నరికి చంపారు. 2014లో హైకోర్టు కింది కోర్టు వేసిన శిక్షలనూ కొట్టేసింది. కాలు తగిలినందుకే అంత కోపమా? టిక్కెట్టు కొనుక్కుని, వాడితో సమానంగా కూర్చుని, వాడు నవ్వినచోటే నవ్వే మనిషి దళితవాడలో పుట్టాడని కోపం.

పెద్ద చదువుల్లో కత్తులుండవు, అయినా కాపలా ఉంది. ఢిల్లీ ఎయిమ్స్‌లో దళిత, ఆదివాసీ వైద్య విద్యార్థుల పట్ల వివక్ష మీద ప్రొఫెసర్ సుఖదేవ్ థోరట్ కమిటీ 2007లో నివేదిక ఇచ్చింది. క్లాసులో, పరీక్షల్లో, హాస్టల్లో జరిగిన వివక్షతో పాటు ఆటల్లో, సాంస్కృతిక కార్యక్రమాల్లో మన పిల్లల్ని దూరం పెట్టిన సంగతీ అందులో రాశారు. రేపు కత్తి పట్టి ఆపరేషన్ చేయాల్సిన డాక్టర్లకు బంతి ముట్టుకుంటే మైల!

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో 2008లో సెంథిల్ కుమార్ చనిపోయాడు. తమిళనాడు నుంచి భౌతికశాస్త్రం పరిశోధనకు వచ్చిన దళిత విద్యార్థి. గైడు లేడు. కోర్సువర్కు పరీక్ష బెంగ. ఫెలోషిప్పు పోతుందనే భయం. అదే యూనివర్సిటీలో 2016 జనవరి 17న రోహిత్ వేముల మనకు దూరమయ్యాడు. అతనికి నక్షత్రాలంటే ఇష్టం. కార్ల్ సేగన్ మాదిరి సైన్సు రచయిత కావాలనుకున్నాడు. ఏడు నెలల ఫెలోషిప్పు, 1,75,000 రూపాయలు, తనకు రావాల్సి ఉందని ఆఖరి ఉత్తరంలో లెక్క రాసిపెట్టి పోయాడు. చుక్కలు చూసే పిల్లోడి చేత బాకీల లెక్క రాయించింది ఈ వ్యవస్థ. ఈ ఇద్దర్నీ ఏ సరదా ఆగం చేసింది? చెప్పండి!

"అట్లా కాదు, బాబాసాహెబ్ పద్దెనిమిది గంటలు చదివాడు, మనోడు డప్పు కొడితే ఎట్లా?" అని మనలోనే కొందరు నాయకులంటారు. చదివాడు, నిజమే. కొలంబియాలో ఎకనామిక్సు, చరిత్ర, సోషియాలజీ, ఫిలాసఫీ, ఆంత్రోపాలజీ అన్నీ చదివాడు. బరోడా మహారాజు స్కాలర్‌షిప్పు నెలకు పదకొండున్నర పౌన్లు ఉండబట్టే చదవగలిగాడు. ఆ బాబాసాహెబే పెద్ద వయసులో వయొలిన్ నేర్చుకున్నాడు. బొమ్మలు వేశాడు. తోట పెంచాడు. మన వాడల్లో విగ్రహానికి కోటు తొడిగాం, చేతికి పుస్తకం ఇచ్చాం, మంచిదే. వయొలిన్ సంగతి మాత్రం పిల్లలకు చెప్పలేదు. కుర్ర వయసులో తనకు దొరకని తీరిక మనకు దొరకాలనే గదా ఆయన కొట్లాడింది! ఆయన వైస్రాయి కౌన్సిల్లో ఉన్న రోజుల్లోనే, 1944లో, మన పిల్లలకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పు మొదలైంది. దాన్ని నెలలకు నెలలు ఆపేవాళ్ళు డబ్బుతో పాటు మన పిల్లల తీరికను కూడా దోచుకుంటున్నారు.

తీరికా, తిండీ, శిక్షణా దొరికితే మన పిల్లలు ఏం చేస్తారో లోకం చూసింది. 2014 మే 25న మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలే. ఒకరు లంబాడా తండా బిడ్డ, ఒకరు దళిత బిడ్డ. పూర్ణకు అప్పటికి పదమూడేళ్ళు. భువనగిరి గుట్ట మీద మొదలుపెట్టించి, డార్జిలింగ్ పంపి, లడక్ మంచులో నడిపించి తయారు చేశారు. కొండలెక్కడం సిలబస్‌లో లేదని వార్డెన్ కసిరి పంపితే ఆ ఇద్దరూ ఎక్కడుండేవాళ్ళు?

ఇక తండ్రులకు ఒక మాట. అయ్యా, మీ భయం మాకు తెలుసు. ఊళ్ళో పెద్దింట శవం లేస్తే పిలవని పేరంటానికి పోయినట్టు పోయి డప్పు కొట్టాల్సి వచ్చింది. జాతరకు కొట్టాలి, చాటింపుకు కొట్టాలి, కూలి అడిగితే తన్నులు తినాలి. ఆ డప్పు మళ్ళీ కొడుకు మెడకు పడుతుందేమోనని మీ బాధ. పడకూడదు, పడనివ్వం. కానీ వెట్టికి కొట్టిన డప్పు వేరు, ఇష్టానికి కొట్టే డప్పు వేరు. రానంటే ఇల్లు కూల్చేవాడు ఎదురుగా లేనప్పుడు ఆ దరువు మనది. మంటకు కాచి, చెవి దగ్గర మీటి, దరువు తప్పకుండా లెక్క పట్టే పిల్లోడికి లెక్కలు రావని ఎవడన్నాడు? కొట్టడం ఇష్టం లేని పిల్లోణ్ణి కులం పేరు చెప్పి కొట్టించొద్దు. ఇష్టమున్న పిల్లోడి చేతిలోంచి గుంజుకోవద్దు.

సంఘాలకు, కార్యకర్తలకు ఇంకో మాట. ఇది కాస్త ఘాటుగానే చెప్పాలి. జయంతికి పాట కావాలంటే విద్యార్థి. ర్యాలీకి డప్పు కావాలంటే విద్యార్థి. గోడ మీద రాతకు విద్యార్థి, కరపత్రం పంచడానికి విద్యార్థి. మిడ్ పరీక్ష ఎల్లుండి అని వాడు నసిగితే "ఉద్యమం కన్నా పరీక్ష ఎక్కువా?" అని గదమాయింపు. డిటెయిన్ అయి ఇంటికి చేరిన రోజున ఏ నాయకుడూ వాడి గడప తొక్కడు. ఊరి పెద్ద పిలిస్తే పోవడం వెట్టి అయితే, మనం పిలిచినప్పుడల్లా పోవడం ఏమవుతుంది? ఆలోచించండి. విద్యార్థి ఉద్యమానికి రావాలి, తప్పకుండా రావాలి. పరీక్షల పట్టిక చూసి పిలవండి. దారిఖర్చులు ఇవ్వండి. నాయకులు కూడా నాలుగు దరువులు నేర్చుకోండి, తప్పేం లేదు!

మనం అడగాల్సినవి ఇవి. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలకు మొదటి ఏడాది హాస్టల్లోనే సాయంత్రం ఇంగ్లీషు, లెక్కలు చెప్పే మాస్టర్ని జీతమిచ్చి పెట్టాలి. స్కాలర్‌షిప్పు నెలనెలా పడాలి. ప్రభుత్వం కట్టాల్సిన ఫీజు బకాయికి పిల్లల సర్టిఫికెట్లు పట్టుకునే హక్కు ఏ కాలేజీకీ ఉండకూడదు. ప్రతి సంక్షేమ హాస్టల్‌కూ ఆటస్థలం, లైబ్రరీ, వాయిద్యాలున్న ఒక గది కావాలి. ఆడపిల్లల హాస్టల్‌కు ముందు కావాలి. కాలేజీ ఉత్సవంలో డప్పుకు గిటారుతో సమానంగా వేదిక, సమానంగా సర్టిఫికెట్టు ఇవ్వాలి. చివర్లో ఐదు నిమిషాలు "జానపదం" అని విదిలిస్తే ఒప్పుకోం.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! ఒక పేపరు పోయినంత మాత్రాన బతుకు పోదు. సప్లిమెంటరీ ఉంది, వచ్చే ఏడాది ఉంది. గదిలో ఒంటరిగా కుమిలిపోవద్దు. పక్క గదిలో మనోడున్నాడు, వాణ్ణి లేపండి. ముందుపోయిన అన్నలున్నారు, వాళ్ళను అడగండి. ఇంట్లో చెప్పండి, సంఘానికి చెప్పండి. కలిసి చదవండి, కలిసి పాడండి. చదువు మానొద్దు, పాట మానొద్దు. రెండూ మీవే. రెండింటికీ చాలినంత పొద్దు సంపాదించడమే మన అందరి కొట్లాట.

జై భీమ్!