పాలవాడూ, కరెంటువాడూ

ఇంటికి పాలు పోసే మనిషి నీళ్లు కాస్త ఎక్కువగా కలుపుతున్నాడనిపిస్తే ఇల్లాలు యేం చేస్తుంది? రెండు రోజులు సణుగుతుంది. మూడోనాడు గట్టిగా అడుగుతుంది. నాలుగోనాడు ఇంకో పాలవాణ్ణి మాట్లాడుకుంటుంది. పచారీ కొట్టు మార్చవచ్చు, పేపరు మార్చవచ్చు, పిల్లల బడి కూడా మార్చవచ్చు. కాని కరెంటువాణ్ణి మార్చడమన్న ఊహ మన తెలుగునాట యే ఇల్లాలికీ తోచదు. ప్రాంతానికొక పంపిణీ సంస్థ. వచ్చిన బిల్లు కట్టడం మన వంతు.

ఇంగ్లండులో ఇలా కాదు. 1990లో అక్కడి విద్యుత్తు పరిశ్రమ ప్రైవేటు చేతుల్లోకి పోయింది. 1998, 1999 సంవత్సరాల్లో అంచెలంచెలుగా ప్రతి గృహస్థుకూ తనకు నచ్చిన కంపెనీ దగ్గర కరెంటు కొనుక్కునే స్వేచ్ఛ వచ్చింది. లెస్టరు పట్టణంలో కాపరముంటున్న మా తమ్ముడు ఇప్పటికి మూడు కంపెనీలు మార్చాడు.

“మార్చినప్పుడల్లా తీగలు మళ్లీ లాగుతార్రా?” అని అమ్మ ఫోనులో అడిగింది.

“లేదమ్మా. అవే తీగలు, అదే మీటరు. బిల్లు పంపేవాడే మారతాడు” అన్నాడు వాడు.

అమ్మకు ఇది వింతగానే తోచింది గాని సంగతి అంతే. పంపిణీ వేరు, సరఫరా వేరు. వీధిలో తీగలు చూసుకునే సంస్థ ఆ ప్రాంతానికంతటికీ ఒకటే, అది మారదు. మారేది టోకున కరెంటు కొని మనకు చిల్లరగా అమ్మే వర్తకుడు. పది కాలవల నీరు ఒక చెరువులో కలిసినట్టు, యెక్కడ పుట్టిన కరెంటైనా ఆ తీగల్లో కలిసిపోవలసిందే. పాలవాణ్ణి మారిస్తే పాలు మారతాయి. కరెంటువాణ్ణి మారిస్తే ధర మారుతుంది, బిల్లు మారుతుంది, ఫోను చేస్తే పలికే మర్యాద మారుతుంది.

మారడం పెద్ద పని కాదు. కొత్త కంపెనీతో చెబితే చాలు. పాతవారితో తెగతెంపులు అదే చూసుకుంటుంది. మనసు మార్చుకోవడానికి 14 రోజుల గడువున్నది. 2022 జూలై నుంచి ఈ మార్పిడి ఐదు పనిదినాల్లో ముగించే పద్ధతి వచ్చింది. మారే రోజున మీటరులోని అంకె రాసిపెట్టుకోవడం మాత్రం మరవకూడదు. పాత బిల్లు ముగిసేదీ, కొత్త బిల్లు మొదలయ్యేదీ ఆ అంకె దగ్గరే.

ఆ అంకె కోసం మనిషి రానక్కర లేకుండా చేసేదే స్మార్టు మీటరు. అరగంటకొక లెక్క చొప్పున గుర్తుంచుకుని, దూరాన వున్న కంపెనీకి తనంతట తానే చెబుతుంది. కాని అక్కడ తొలితరం మీటర్లలో ఒక చిక్కు వచ్చింది. మీటరు పెట్టిన కంపెనీని విడిచి మరో కంపెనీకి పోగానే చాలా మీటర్లు మూగవైపోయాయి. లెక్క కట్టడం మానలేదు; చెప్పడమే మానాయి. మా తమ్ముడింట్లోనూ అదే జరిగింది. మెట్ల కింద అలమరలో టార్చిలైటు వేసుకుని, అంకెలు చదివి కంపెనీకి పంపుతూ వుండేవాడు. తరువాత దేశమంతటికీ ఒకే సమాచార యంత్రాంగం నెలకొల్పి, రెండోతరం మీటర్లను అందులో చేర్చారు. తొలితరంవాటినీ క్రమంగా అందులోకి తెచ్చారు.

స్వేచ్ఛకు మరో ముఖం కూడా వున్నది. 2021లో గ్యాసు ధర భగ్గుమన్నది. కొన్న ధరకన్న తక్కువకు అమ్మవలసి వచ్చి, దాదాపు 30 కంపెనీలు మూతపడ్డాయి. యెవరింట్లోనూ దీపం ఆరలేదు. ఆఫ్‌జెమ్ అనే నియంత్రణ సంస్థ ఆ ఇళ్లను వేరే కంపెనీలకు అప్పగించింది. ముందుగా కట్టిన సొమ్ముకూ రక్షణ కల్పించింది. అయితే ఆ ఖర్చు చివరకు దేశంలో అందరి బిల్లులమీదా పడింది. చౌకబేరానికి పోనివారూ పంచుకోక తప్పలేదు.

అంతకన్న ఆలోచించవలసినది మరొకటి. స్మార్టు మీటరును మనిషి గడప తొక్కకుండానే, దూరం నుంచి, ముందు డబ్బు కడితేనే వెలిగే పద్ధతికి మార్చవచ్చు. 2022-23 చలికాలంలో బాకీ పడ్డ యెన్నో ఇళ్లకు అలాగే జరిగింది. డబ్బు లేకపోతే ఇక వెచ్చదనం లేదు. గగ్గోలు పుట్టి, 2023 ఫిబ్రవరిలో బలవంతపు మార్పిడులు ఆపించారు. ఆ యేడాది చివరకు, రెండేళ్లలోపు పిల్లలున్న ఇళ్లనూ, ఆసరా లేని 75 యేళ్లు దాటిన వృద్ధులనూ బలవంతంగా ఆ పద్ధతికి మార్చకూడదని నియమం చేశారు.

ఈ ఇంగ్లీషువారి గొడవ మనకెందుకంటారా? మన దేశంలో కంపెనీని మార్చుకునే వీలు ముంబయివంటి ఒకటి రెండు చోట్లకే పరిమితం. అక్కడ 2008 నాటి సుప్రీంకోర్టు తీర్పు తరువాత, 2009 నుంచి పాత తీగలమీదే మరో కంపెనీ కరెంటు కొనుక్కోవచ్చు. కాని స్మార్టు మీటరు మాత్రం ఒక్కొక్క రాష్ట్రంలో ఒక్కొక్క తీరున వస్తూనే వున్నది. 2021లో మొదలైన కేంద్ర పథకం లక్ష్యం 25 కోట్ల మీటర్లు. ఆ పథకం కోరేది ముందు చెల్లింపు మీటర్లను. పాలవాణ్ణి మార్చే హక్కు లేనిచోట, మన పాత్ర మీద మూత మరొకరి చేతిలో వుంటే జాగ్రత్త రెట్టింపు కావాలి.

మన పక్షాన చట్టం లేకపోలేదు. 2003 విద్యుత్తు చట్టం ప్రకారం బాకీకి కరెంటు తీసేముందు 15 రోజుల రాతపూర్వకమైన నోటీసు ఇవ్వాలి. ముందు చెల్లింపు మీటరులో బాకీ అన్నదే పుట్టదు గనుక, నిలువ సొమ్ము అయిపోతే యేమవుతుందో మనమే అడిగి తెలుసుకోవాలి. ఆ మీటరు పెట్టిన ఇంటివద్ద సెక్యూరిటీ డిపాజిట్ కోరరాదని కూడా అదే చట్టం చెబుతున్నది. మీటరు ఎక్కువ తిరుగుతున్నదని ఫిర్యాదు చేస్తే, ఐదు రోజుల్లో పక్కన మరో మీటరు పెట్టి, కనీసం మూడు నెలలు పోల్చి చూడాలని 2024లో సవరించిన నిబంధనలు అంటున్నాయి.

కొడుకు పరదేశంలో, ముసలి తల్లిదండ్రులు ఇక్కడ వున్న ఇళ్లు మనలో యెన్ని లేవు? అటువంటి ఇంటికి కొత్త మీటరు వచ్చిననాడు మూడు ప్రశ్నలు అడగండి. సొమ్ము తరుగుతున్నదన్న హెచ్చరిక యెన్ని రోజుల ముందు వస్తుంది? అది యెవరి ఫోనుకు వస్తుంది? అర్ధరాత్రి, ఆదివారం, పండుగనాడు నిలువ అయిపోతే ఫాను తిరుగుతుందా, ఆగుతుందా? జవాబు కాగితంమీద రాయించి తీసుకోండి. కొడుకు ఫోనుకొక్కదానికే కాక, పక్కింటివారి ఫోనుకు కూడా ఆ హెచ్చరిక చేరే యేర్పాటుంటే మరీ మంచిది. లెస్టరులో తమ్ముడు నిద్రపోయే వేళకు ఇక్కడ అమ్మకు తెల్లవారుతుంది.