డేటా పోయేది ఎర్రర్ వల్ల కాదు, తొందర వల్ల

డాకర్ నేర్చుకునే ప్రతి ఒక్కరికీ ఇలాంటి రోజు ఒకటి వస్తుంది. రాత్రి చక్కగా నడిచిన ప్రాజెక్ట్ పొద్దున లేచేసరికి ఖాళీ. లాగిన్ పేజీ వస్తుంది, యూజర్లు మాత్రం ఉండరు. లేదంటే కంటైనర్ అసలు లేవనే లేవదు, స్క్రీన్ మీద ‘పర్మిషన్ డినైడ్’ అని ఒక్క లైను కనిపిస్తుంది. రేపే డెమో! అప్పుడు చాలామంది చేసే పని ఒకటే. ఎక్కడో దొరికిన కమాండ్ కాపీ కొట్టి, పేస్ట్ చేసి, ఎంటర్ నొక్కేయడం. అసలు నష్టం జరిగేది సరిగ్గా అప్పుడే.

ఈ వారం నేను చెప్పాలనుకున్నది ఒక్కటే. స్టోరేజ్ సెట్టింగ్ తప్పు పడినంత మాత్రాన మామూలుగా డేటా చెరిగిపోదు. మీరు అనుకున్న చోట కాకుండా ఇంకెక్కడో ఉంటుంది. దాన్ని వెతకకుండా ‘అంతా తుడిచి మళ్లీ మొదలుపెడదాం’ అనుకుంటేనే నిజంగా పోతుంది. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టు అన్నమాట.

కంటైనర్ ఒక లాడ్జి గది

ముందు రెండు నిమిషాలు బేసిక్స్. డాకర్ ఇమేజ్ అనేది ఒకదాని మీద ఒకటి పేర్చిన పొరలు. అవన్నీ చదవడానికే, మార్చడానికి కాదు. కంటైనర్ మొదలైనప్పుడు వాటి మీద రాసుకోవడానికి ఒక పల్చటి పొర వస్తుంది. మీ ప్రోగ్రాం ఏం రాసినా అందులోకే వెళ్తుంది. కంటైనర్‌ని ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే ఆ పొర ఉంటుంది. కంటైనర్‌ని తీసేస్తే మాత్రం దాంతోపాటే పోతుంది. లాడ్జి గది ఖాళీ చేశాక గోడ మీద రాసుకున్న ఫోన్ నంబరు ఉంటుందా? ఇదీ అంతే.

అందుకే దాచుకోవాల్సినది గది బయట పెట్టుకోవాలి. దానికి ముఖ్యంగా రెండు దారులు. ఒకటి వాల్యూమ్. అంటే డాకర్ తన దగ్గరే పెట్టుకుని చూసుకునే పెట్టె. రెండోది బైండ్ మౌంట్. అంటే మీ ల్యాప్‌టాప్‌లోని ఒక ఫోల్డర్‌నే కంటైనర్ లోపల కనిపించేలా చేయడం. డేటాబేస్‌కి వాల్యూమ్, మీరు రోజూ ఎడిట్ చేసే కోడ్‌కి బైండ్ మౌంట్. ఈ ఒక్క లెక్క గుర్తుంటే సగం తలనొప్పి తగ్గుతుంది.

ముట్టుకునే ముందు మూడు చూపులు

ఎర్రర్ ఏదైనా సరే, ఏ కమాండూ కొట్టకముందు మూడు చోట్ల చూడండి. వీటిలో ఏదీ దేన్నీ మార్చదు, కాబట్టి భయం లేదు.

మొదటిది ‘డాకర్ లాగ్స్’. కంటైనర్ ఎందుకు పడిపోయిందో చాలాసార్లు అదే చెప్తుంది. రెండోది ‘డాకర్ ఇన్‌స్పెక్ట్’. ఇందులో ‘మౌంట్స్’ అనే భాగం చూడండి. అక్కడ ‘సోర్స్’ అంటే బయట డేటా ఉన్న చోటు, ‘డెస్టినేషన్’ అంటే కంటైనర్ లోపల అది కనిపించే చోటు. మూడోది ‘డాకర్ వాల్యూమ్ ఎల్ఎస్’. మీ మెషీన్‌లో ఉన్న వాల్యూమ్‌లన్నీ వరుసగా వస్తాయి. 64 అక్షరాల అంకెలు, అక్షరాల కలగాపులగం పేరుతో ఏదైనా కనిపిస్తే అది పేరు పెట్టని వాల్యూమ్. అవి ఎన్ని ఉన్నాయో చూసుకోండి, వాటి కథ ముందుంది.

ఫోల్డర్ పేరు మారితే డేటా మాయం!

డాకర్ కంపోజ్ వాడేవాళ్లకి ఇది తెలియాలి. మీరు వాల్యూమ్‌కి ‘డేటా’ అని పేరు పెడితే, డాకర్ దాన్ని అదే పేరుతో తయారు చేయదు. ముందు ప్రాజెక్ట్ పేరు తగిలిస్తుంది. మీరు విడిగా చెప్పకపోతే ఆ ప్రాజెక్ట్ పేరు ఎక్కడి నుంచి వస్తుంది? మీ ఫోల్డర్ పేరు నుంచి. ‘షాప్’ అనే ఫోల్డర్ అయితే వాల్యూమ్ పేరు ‘షాప్ అండర్‌స్కోర్ డేటా’ అవుతుంది.

ఇప్పుడు ఆ ఫోల్డర్‌ని ‘షాప్‌ఫైనల్’ అని మార్చారనుకోండి. మళ్లీ ‘అప్’ కొట్టగానే డాకర్ కొత్త పేరుతో కొత్త వాల్యూమ్ తయారు చేస్తుంది. అది ఖాళీ. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు. పాత డేటా పాత పేరుతో అక్కడే భద్రంగా ఉంటుంది. వాల్యూమ్ లిస్టులో రెండూ కనిపిస్తాయి. కంపోజ్ ఫైల్‌లో అన్నిటికన్నా పైన ‘నేమ్’ అనే లైను పెట్టి, పాత ప్రాజెక్ట్ పేరు రాయండి. డేటా తిరిగి కనిపిస్తుంది. కొత్త ప్రాజెక్ట్‌కయితే మొదటి రోజే ఈ లైను రాసేసుకోండి. తర్వాత ఫోల్డర్‌ని ఏ పేరుతో పిలుచుకున్నా ఇబ్బంది ఉండదు.

చుక్కా, గీతా... ఎంత తేడా!

కంపోజ్‌లో ‘డేటా’ అని రాస్తే వాల్యూమ్. ముందు చుక్క, స్లాష్ పెట్టి ‘./డేటా’ అని రాస్తే ఫోల్డర్. చుక్క మర్చిపోయి, కింద వాల్యూమ్స్ భాగంలో ఆ పేరు చెప్పకపోతే ‘అన్‌డిఫైన్డ్ వాల్యూమ్’ అనే ఎర్రర్ వస్తుంది. అది మంచిదే, ముందే ఆపేసింది కదా.

‘డాకర్ రన్’లో ‘హైఫన్ వి’ వాడినప్పుడు ఇంకో తిరకాసు ఉంది. మీరు చెప్పిన ఫోల్డర్ లేకపోతే డాకర్ అడగకుండా తనే ఒకటి తయారు చేస్తుంది. ఫైల్ పేరులో ఒక్క అక్షరం తప్పు పడినా, ఆ పేరుతో ఖాళీ ఫోల్డర్ పుడుతుంది. ఆ తర్వాత ‘ఫోల్డర్‌ని ఫైల్ మీద మౌంట్ చేస్తున్నావా?’ అనే అర్థంలో ఒక పొడవాటి ఎర్రర్ వస్తుంది. సెట్టింగ్స్ ఫైల్ మౌంట్ చేసేటప్పుడు ఇది మరీ ఎక్కువ. ఆ ఖాళీ ఫోల్డర్ తీసేసి, పేరు సరిచేయండి చాలు. ‘హైఫన్ వి’ బదులు ‘మౌంట్’ ఆప్షన్ వాడితే, సోర్స్ లేకపోతే డాకర్ తయారు చేయకుండా అక్కడే ఆగి చెప్తుంది. నా ఓటు దానికే.

పోస్ట్‌గ్రెస్ ఎక్కడ దాచుకుంటుంది?

ఇది అన్నిటికన్నా ప్రమాదకరం. పోస్ట్‌గ్రెస్ అధికారిక ఇమేజ్ 17వ వెర్షన్ వరకూ డేటాని ‘/వార్/లిబ్/పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్/డేటా’ అనే చోట పెడుతుంది. చాలామంది చివరి ‘డేటా’ వదిలేసి, దాని పై ఫోల్డర్‌కే వాల్యూమ్ తగిలిస్తారు. చూడ్డానికి సరిగ్గానే ఉంటుంది, కంటైనర్ కూడా నడుస్తుంది. కానీ లోపలి ‘డేటా’ ఫోల్డర్‌కి వాల్యూమ్ కావాలని ఇమేజ్‌లోనే రాసి ఉంది. అందుకని డాకర్ దానికి పేరు లేని వాల్యూమ్ ఒకటి తగిలిస్తుంది. మీరు ముద్దుగా పేరు పెట్టుకున్న వాల్యూమ్ ఖాళీగా ఉంటుంది. అసలు డేటా ఆ 64 అక్షరాల పెట్టెలోకి పోతుంది.

తర్వాత ఒకరోజు ‘డౌన్’ చేసి ‘అప్’ చేస్తారు. ఇంకో కొత్త పేరు లేని వాల్యూమ్ వస్తుంది, డేటాబేస్ ఖాళీగా కనిపిస్తుంది. పాతది ఇంకా డిస్క్ మీదే ఉంది! ఇప్పుడు డిస్క్ ఖాళీ చేద్దామని ‘డాకర్ వాల్యూమ్ ప్రూన్’ కొట్టారో, అయిపోయినట్టే. డాకర్ 23వ వెర్షన్ నుంచి ఆ కమాండ్ మామూలుగా తీసేసేది ఎవరూ వాడని పేరు లేని వాల్యూమ్‌లనే. అంటే మీ డేటా ఉన్న పెట్టెనే.

వెతకడం కష్టమేం కాదు. అనుమానం ఉన్న వాల్యూమ్‌ని ఒక చిన్న ఆల్పైన్ కంటైనర్‌కి ‘ఆర్ఓ’ అని, అంటే చదవడానికి మాత్రమే తగిలించి, లోపల ఏముందో చూడండి. ‘పీజీ అండర్‌స్కోర్ వెర్షన్’ అనే ఫైల్ కనిపిస్తే అది పోస్ట్‌గ్రెస్ డేటా. దొరికాక దాన్నే సరైన చోట మౌంట్ చేసి, ముందు డంప్ తీసుకోండి. మిగతావన్నీ తర్వాత.

18వ వెర్షన్ ఇమేజ్‌లో పద్ధతి మారింది. ఇప్పుడు వాల్యూమ్ తగిలించాల్సింది పై ఫోల్డర్‌కే, చివర ‘డేటా’ అక్కర్లేదు. పాత ట్యుటోరియల్ చూసి కొత్త ఇమేజ్ వాడినా తంటానే, కొత్తది చూసి పాత ఇమేజ్ వాడినా తంటానే. కాబట్టి ఇమేజ్ పేరు పక్కన ‘లేటెస్ట్’ అని వదిలేయకుండా వెర్షన్ నంబరు రాయండి. లేకపోతే ఒక రోజు 17 కాస్తా 18 అయిపోతుంది. ఒక పెద్ద వెర్షన్ డేటాని ఇంకో పెద్ద వెర్షన్ నేరుగా చదవలేదు. పాత వెర్షన్‌తో డంప్ తీసి, కొత్త దాంట్లోకి ఎక్కించుకోవాలి.

పాస్‌వర్డ్ మార్చినా ఒప్పుకోదేం?

కంపోజ్ ఫైల్‌లో పోస్ట్‌గ్రెస్ పాస్‌వర్డ్ మార్చారు. రీస్టార్ట్ చేశారు. కొత్త పాస్‌వర్డ్‌తో వెళ్తే ‘ఆథెంటికేషన్ ఫెయిల్డ్’. కారణం సింపుల్. ఆ సెట్టింగ్ పనిచేసేది డేటా ఫోల్డర్ ఖాళీగా ఉన్నప్పుడు, అంటే మొట్టమొదటిసారి మాత్రమే. దీనికి చాలామంది ఇచ్చే సలహా ‘డాకర్ కంపోజ్ డౌన్ హైఫన్ వి’. అవును, పాస్‌వర్డ్ సమస్య తీరుతుంది. డేటా కూడా తీరిపోతుంది! ఆ చివరి ‘వి’ మీ వాల్యూమ్‌లను తీసిపారేస్తుంది. దాని బదులు కంటైనర్ లోపలికి వెళ్లి, పీఎస్‌క్యూఎల్‌లో ‘ఆల్టర్ యూజర్’తో పాస్‌వర్డ్ మార్చండి. ఒక్క లైను పని.

777 మందు కాదు

ఇక ‘పర్మిషన్ డినైడ్’. లైనక్స్ చూసేది యూజర్ పేరు కాదు, నంబరు. జెన్‌కిన్స్ ఇమేజ్ 1000 నంబరు యూజర్‌గా నడుస్తుంది. గ్రఫానా 472. మీ బైండ్ మౌంట్ ఫోల్డర్‌ని డాకర్ తనే తయారు చేసి ఉంటే దాని ఓనర్ రూట్, అంటే 0. 472 వచ్చి 0 గారి ఫోల్డర్‌లో రాయాలంటే కుదరదు కదా. ‘ఎల్ఎస్ హైఫన్ ఎల్ఎన్’ కొడితే ఓనర్ నంబరు కనిపిస్తుంది. ‘చ్‌ఓన్’ కమాండ్‌తో ఆ ఫోల్డర్ ఓనర్‌ని సరైన నంబరుకి మార్చండి.

‘చ్‌మోడ్ 777’ కూడా పనిచేస్తుంది కదా అంటారా? ఇంటి తాళం పట్టడం లేదని తలుపే పీకేసినట్టు ఉంటుంది. ఆ మెషీన్‌లో ఎవరైనా చదవొచ్చు, ఎవరైనా చెరపొచ్చు. పైగా తన డేటా ఫోల్డర్ అందరికీ తెరిచి ఉంటే పోస్ట్‌గ్రెస్ సర్వరే స్టార్ట్ అవ్వనంటుంది.

నంబరు సరిగ్గా ఉన్నా ఒప్పుకోకపోతే, అదీ ఫెడోరా, రెడ్‌హ్యాట్ లాంటి వాటిలో అయితే, అడ్డుపడేది ఎస్ఈలైనక్స్ కావచ్చు. మౌంట్ చివర కోలన్ పెట్టి చిన్న ‘జెడ్’ రాస్తే కంటైనర్లన్నీ పంచుకోవచ్చు. పెద్ద ‘జెడ్’ రాస్తే ఆ ఒక్క కంటైనర్‌కే. పొరపాటున కూడా హోమ్ ఫోల్డర్ మొత్తానికి అది తగిలించకండి. విండోస్ వాడేవాళ్లు సీ డ్రైవ్ ఫోల్డర్‌ని పోస్ట్‌గ్రెస్‌కి మౌంట్ చేసినా పర్మిషన్ల గొడవ వస్తుంది. అక్కడ కుస్తీ పట్టకండి, వాల్యూమ్‌కి మారిపోండి.

డిస్క్ నిండితే ఏది తీయాలి?

‘నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైజ్’ అని రాగానే మొదట ‘డాకర్ సిస్టమ్ డీఎఫ్’ కొట్టండి. ఇమేజ్‌లు ఎంత, వాల్యూమ్‌లు ఎంత, బిల్డ్ క్యాష్ ఎంత అని విడివిడిగా చూపిస్తుంది. ముందు బిల్డ్ క్యాష్, తర్వాత వాడని ఇమేజ్‌లు తీయండి. రెండూ మళ్లీ తయారయ్యేవే. వాల్యూమ్‌ల జోలికి చిట్టచివర, అదీ ఒక్కొక్కటి లోపల చూశాకే వెళ్లండి. ఇంకో దొంగ కూడా ఉన్నాడు: లాగ్ ఫైళ్లు. డాకర్ మామూలు సెట్టింగ్‌లో వాటికి సైజు పరిమితి లేదు. ‘మ్యాక్స్ సైజ్’ పెట్టుకోండి. అది కొత్తగా తయారయ్యే కంటైనర్లకే వర్తిస్తుందని మాత్రం గుర్తుంచుకోండి.

బ్యాకప్ ఉందా? తెరిచి చూశారా?

ఇవన్నీ కొత్తవాళ్ల కష్టాలే అనుకోకండి. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజినీర్ పొరపాటున అసలు సర్వర్‌లోనే డేటాబేస్ ఫోల్డర్‌ని తీసేశారు. సుమారు 300 జీబీ. బ్యాకప్‌లు ఉన్నాయి కదా అని చూస్తే, డంప్ వెర్షన్ తేడా వల్ల ఫెయిల్ అవుతూ వచ్చింది, ఆ సంగతి ఎవరికీ తెలియలేదు. అదృష్టం కొద్దీ 6 గంటల కిందట తీసిన స్నాప్‌షాట్ ఒకటి దొరికింది. ఆ 6 గంటల డేటా మాత్రం పోయింది. ఆ కంపెనీ జరిగింది దాచకుండా అందరి ముందూ పెట్టింది కాబట్టే మనకీ పాఠం దొరికింది. తెరిచి చూడని బ్యాకప్ లేనట్టే లెక్క.

చివరిగా ఒక చిన్న పని. ప్రాజెక్ట్ మొదలుపెట్టిన రోజే, డేటాబేస్‌లో ఒకే ఒక్క వరుస ఉన్నప్పుడే, కావాలని ‘డాకర్ కంపోజ్ డౌన్’ కొట్టండి. గుర్తుంది కదా, ‘వి’ లేకుండా! మళ్లీ ‘అప్’ చేయండి. ఆ వరుస ఉంటే మీ సెట్టింగ్ సరైనదే. లేకపోతే పోయింది ఒక్క వరుసే. 5 నిమిషాల్లో సరిచేసుకోవచ్చు. అదే పరీక్ష డెమో ముందురోజు రాత్రి దానంతట అదే ఎదురైతే, చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అవుతుంది.